విప్పేలా కట్టండి: ఒక పటాల షాపతని మాటలు

(రాజమండ్రిలో ఫోటోలు తీసేవాళ్ళు, బొమ్మలు వేసేవాళ్ళు కొంతమంది ఒక ఆదివారం కలిసినప్పుడు, పటాల షాపు నడిపే ఒకాయన మాట్లాడింది ఇది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

వెనకవాళ్ళకి వినబడుతోందా? మైకు నాకు అలవాటు లేదండీ. షాపులో రంపం చప్పుడు మీద అరిచి అరిచి నా గొంతే మైకులాగా తయారైంది. ఇందాక నన్ను ఫ్రేమింగ్ ఎక్స్‌పర్ట్ అని పరిచయం చేశారు. అంత లేదు. నేను పటాలు కడతాను. మా నాన్న కూడా పటాలు కట్టేవాడు. ఆయన దేవుళ్ళకి కట్టాడు, నేను ఎక్కువగా మనుషులకి కడుతున్నాను, అంతే తేడా.

ఒక్క మాట అడుగుతాను. పటం కట్టడం అంటాం కదా, ఎప్పుడైనా ఆలోచించారా, ఎందుకలా అంటామో? పూలు కడతాం. మూట కడతాం. గేదెని గుంజకి కడతాం. కట్టింది ఏదైనా విప్పడానికి వీలుంటుంది, ఉండాలి కూడా. తాళి సంగతి వదిలేయండి. మరి పటం దగ్గరికి వచ్చేసరికి కట్టడం మానేసి ఎందుకు అతికిస్తున్నాం? నేనూ అతికించాను. చాలా ఏళ్లు అతికించాను. ఈ రోజు నేను చెప్పేదంతా ఆ ఒక్క దాని చుట్టూనే తిరుగుతుంది, బోర్ కొడితే మధ్యలో చెప్పండి.

ఇదిగో, ఈ బల్ల మీద ఒక పటం ఉంది. మనవాళ్ళలో ఒక తమ్ముడు పొద్దున్నే తెచ్చాడు. వాళ్ళ తాతయ్య, నానమ్మ పెళ్లైన కొత్తలో స్టూడియోకి వెళ్లి తీయించుకున్న ఫోటో. 60 ఏళ్లు దాటిందట. కట్టిన రోజు నుంచి ఇవాళ్టి దాకా ఎవరూ విప్పలేదట. నేనూ విప్పలేదు. లోపల ఏముందో నాకూ తెలీదు, ముందే చెప్తున్నా. మాట్లాడుతూ మీ ముందే విప్పుతాను. ముందు వరసలో వాళ్ళు కాస్త వంగి చూడండి, వెనకవాళ్ళకి ఆ ఫోన్ కెమెరా పెట్టారు కదా, తెరమీద కనబడుతుంది.

మొదటి సంగతి, పటాన్ని ఇలా బోర్లా పడుకోబెట్టాలి, కింద మడతపెట్టిన తువ్వాలు. అద్దం మీద బరువు పడకూడదు. వెనకాల ఈ ఖాకీ కాగితం చూడండి, సగం లేదు, పురుగు తినేసింది. దుమ్ము లోపలికి పోకుండా అంటించేది ఇది. ఇది చిరిగిందంటే ఇంక లోపలికి దారి తెరిచినట్టే. తర్వాత మేకులు. చూశారా, తుప్పు. సుత్తి వాడొద్దు, వెనక్కి కొట్టి లాగొద్దు, ప్రతి దెబ్బకీ లోపల అద్దం అదురుతుంది. కటింగ్ ప్లయర్‌తో తల పట్టుకుని, కొంచెం అటూ ఇటూ తిప్పి, నిదానంగా. ఒకటి. రెండు. ఇది విరిగింది, పర్లేదు, విరగనివ్వండి.

ఇప్పుడు చెక్క. ప్లైవుడ్డు కాదండీ ఇది. ఆ రోజుల్లో ప్యాకింగ్ పెట్టెల చెక్క వాడేవాళ్ళు, సన్నటి పలకలు రెండు పక్కపక్కన పెట్టి. మా నాన్న కూడా అదే వాడేవాడు, పెట్టెలు కొనుక్కొచ్చి విడగొట్టేవాడు. మేకులు తీసి దాచే డ్యూటీ నాది. ఈ రెండు పలకల మధ్య చూడండి, సన్నటి సందు. ఒక పలకలో ఇక్కడ ముడి, కన్నులాగా గుండ్రంగా. ఈ సందునీ ఈ ముడినీ గుర్తు పెట్టుకోండి. మళ్ళీ వీటి దగ్గరికే వస్తాం.

దీని కింద న్యూస్ పేపరు. వదులుగా ఉండకుండా నింపడానికి పెడతారు. తేదీ ఉన్న మూల చిరిగిపోయింది, పాపం. ఇది పట్టుకుంటే ఎలా ఉందో చూడండి, అప్పడంలాగా విరుగుతోంది. రంగు చూడండి, టీ డికాక్షన్. ఎందుకిలా అయింది? న్యూస్ పేపరు కాగితం చెక్కని నలగ్గొట్టి చేస్తారు, అందులో లిగ్నిన్ అనే పదార్థం అలాగే ఉండిపోతుంది. వెలుతురూ గాలీ తగిలేకొద్దీ అది పసుపెక్కుతుంది, ఆమ్లం పుడుతుంది. నమ్మకపోతే ఇవాళ్టి పేపరు నాలుగు రోజులు ఎండలో వదిలేసి చూడండి. సరే, పేపరు పాడైతే మనకేంటి అంటారా? ఆర్నెల్లు సావాసం చేస్తే వాళ్ళు వీళ్ళవుతారని ఊరికే అన్నారా? ఆమ్లం కాగితం నుంచి కాగితానికి పాకుతుంది. ఆర్నెల్లు కాదు, ఇది 60 ఏళ్ల సావాసం.

ఇదిగో ఫోటో వెనక వైపు వచ్చింది. స్టూడియో వాళ్ళ మందపాటి అట్ట మీద అతికించి ఉంది. చూడండి, చూడండి! అట్ట మీద నిలువుగా ఒక గోధుమ రంగు గీత. ఆ రెండు పలకల మధ్య సందు ఎక్కడుందో సరిగ్గా అక్కడ. సందులోంచి గాలి వెళ్ళింది, దుమ్ము వెళ్ళింది. ఇక్కడ గుండ్రటి మరక, అదే ఆ చెక్క ముడి. ముడి దగ్గర చెక్కలో జిగురు ఎక్కువుంటుంది, అది ఊరింది. చెక్క తన ఫోటో తానే తీసుకున్నట్టు లేదూ? ఇక్కడితో కాసేపు ఆపుతాను. ఫోటోని అద్దం నుంచి ఇంకా తీయలేదు. అది చివర్లో.

ఇప్పుడు మీరంటారు, మేం ప్యాకింగ్ చెక్క వాడట్లేదు కదా అని. నిజమే. ఎండీఎఫ్ వాడుతున్నారు. అది చెక్క పొట్టుని రెసిన్‌తో నొక్కి చేసిన పలక, దాన్నుంచి ఏళ్ల తరబడి ఆవిర్లు వస్తూనే ఉంటాయి. కొత్త ఎండీఎఫ్ అల్మరా తలుపు తీస్తే ముక్కుకి తగిలే ఘాటు ఉంటుంది కదా, అదే. మీ ఫోటో ఆ అల్మరాలో పడుకున్నట్టే. చెక్క వాడొద్దని కాదు, చెక్కకీ ఫోటోకీ మధ్య మంచి బోర్డు ఒకటి అడ్డం ఉండాలి.

మంచి బోర్డు అంటే ఏది? షాపులో అందరూ యాసిడ్ ఫ్రీ అనే అంటారు. నేనూ అంటాను. అందులో రెండు రకాలున్నాయి. ఒకటి చెక్క గుజ్జుతో చేసి, పుట్టే ఆమ్లాన్ని విరిచేయడానికి కాల్షియం కార్బొనేట్ కలిపింది. కాల్షియం కార్బొనేట్ అంటే భయపడకండి, సుద్దే. ఆ సుద్ద ఉన్నన్నాళ్ళు కాపు కాస్తుంది. రెండోది పూర్తిగా పత్తితో చేసింది, దాన్ని మ్యూజియం బోర్డు అంటారు, రాగ్ బోర్డు అంటారు. అందులో లిగ్నిన్ గొడవే లేదు. రేటు బాగా ఎక్కువ, దాచను. అనుమానం వస్తే పీహెచ్ పెన్ను అని దొరుకుతుంది, బోర్డు అంచు మీద ఒక గీత గీయండి, ఊదా రంగు వస్తే సరే, పసుపుగా ఉండిపోతే ఆమ్లం ఉన్నట్టు. అంచు మీద, లోపలి పొర మీద గీయాలి, పైన అంటించిన రంగు కాగితం మీద కాదు. ఇంకా జాగ్రత్తపరులైతే, బోర్డు ఫోటోని పాడుచేస్తుందో లేదో చూసే వేరే పరీక్ష ఉంది, ఐఎస్‌ఓ 18916, దాన్నే పీఏటీ అంటారు. అది పాసైన బోర్డు అని రాసి ఉంటే కళ్ళు మూసుకుని కొనొచ్చు.

మీలో సయనోటైపులు చేసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఎండలో పెట్టి నీలం ప్రింట్లు తీసేవాళ్ళు? ఆ, ఇద్దరున్నారు. మీకు మాత్రం రివర్సండీ. 1842లో హెర్షెల్ కనిపెట్టిన ఆ నీలానికి సుద్ద పడదు, క్షారం తగిలితే వెలిసిపోతుంది. మీరు సుద్ద కలపని పత్తి బోర్డే అడగాలి. షాపతను తెల్లమొహం వేస్తే నా దగ్గరికి రండి. నేనూ మొదట తెల్లమొహమే వేశాను.

అతికించిన పాపం

నా సంగతి చెప్తానన్నాను కదా. షాపు నా చేతికొచ్చిన కొత్తలో ఒక పెద్దావిడ వచ్చారు. చేతిలో ఒక ఫోటో, కాస్త వంకర తిరిగి ఉంది. వాళ్ళాయనది. ఇంకో కాపీ లేదు, నెగటివ్ లేదు. అప్పటికి నాకు పెద్ద పనివాణ్ణని గీర. వంకర తీసి నున్నగా చేసిస్తానమ్మా అన్నాను. హార్డుబోర్డు మీద తెల్ల జిగురు పూసి, ఫోటో పరిచి, గుడ్డతో మధ్య నుంచి అంచులకి నొక్కి, పైన బరువులు పెట్టి రాత్రంతా ఉంచాను. మర్నాటికి అద్దంలాగా వచ్చింది. ఆవిడ మురిసిపోయారు. నేను అంతకన్నా ఎక్కువ మురిసిపోయాను.

పన్నెండేళ్ల తర్వాత ఆవిడే మళ్ళీ వచ్చారు. ఫోటో అంతా చిన్న చిన్న గోధుమ రంగు మచ్చలు. వానాకాలంలో హార్డుబోర్డు ఉబ్బింది, ఫోటో దానితో సమానంగా ఉబ్బలేదు, అంచుల దగ్గర అలలు. ఏదో ఒకటి చేద్దామని కింద మూల లేపాను. కాగితం బోర్డు దగ్గరే ఉండిపోయింది, పైపొర నా చేతికి వచ్చింది. భుజం పోయింది. చెమటలు పట్టాయండీ నాకు. ఆవిడ చూసి, పర్లేదులే నాయనా, మొహం ఉందిగా, అన్నారు. తిట్టినా బాగుండేది.

అప్పుడు ఒకటి నిర్ణయించుకున్నాను. నా షాపులోకి ఏ బొమ్మ ఎలా వచ్చిందో, పదేళ్ల తర్వాతైనా ఎవరైనా విప్పితే అలాగే బయటికి రావాలి. దాని కోసం ఏం నేర్చుకోవాలో అదల్లా నేర్చుకున్నాను.

కాబట్టి ఎలా నిలబెట్టాలి? ఫోటోలకైతే నా ఓటు మూలలకి. మంచి కాగితం పట్టీ తీసుకుని, రెండు చివర్లూ కిందికి మడిస్తే త్రికోణం సంచీ వస్తుంది. తమలపాకు చిలకలు చుట్టడం వచ్చినవాళ్ళకి చెప్పక్కర్లేదు. అలాంటివి నాలుగు చేసి, ఫోటో నాలుగు మూలలకీ తొడిగి, ఆ సంచీల్ని వెనక బోర్డుకి అంటించాలి. జిగురు సంచీకి, ఫోటోకి కాదు. ఫోటోకి ఒక్క చుక్క జిగురు తగలదు. బిగించొద్దు, ఒక మిల్లీమీటరు వదులు ఉంచండి. కాగితం ఊపిరి పీల్చుకుంటుంది, చెమ్మకి సాగుతుంది, ఎండకి ముడుచుకుంటుంది. చోటివ్వకపోతే అలలు వస్తాయి.

నీటిరంగుల బొమ్మలకీ, అంచుల దాకా కనబడాలనుకునే కాగితం బొమ్మలకీ మూలలు కుదరవు. వాటికి పైన రెండు చోట్ల మాత్రమే పట్టీలు. జపాన్ టిష్యూ అని దొరుకుతుంది, పల్చగా ఉంటుంది కానీ పోగులు పొడుగు, గట్టిది. పైన రెండే, నాలుగు వైపులా కాదు, బొమ్మ వేలాడాలి, తోరణంలాగా. దానికి జిగురు గోధుమ గంజి. గోధుమ హల్వాకి గోధుమలు నానబెట్టి రుబ్బి పాలు తీస్తారు కదా, ఆ పాలు తేరుకున్నాక అడుగున తెల్లగా పేరుకునేది, అదే. దాన్ని నీళ్ళలో కలిపి సన్నసెగ మీద తిప్పుతూ ఉంటే మెరుపు వస్తుంది, చల్లారాక వడకట్టుకోవాలి. మా నాన్న మైదా ఉడకబెట్టి పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపేవాడు. ఆ మైలుతుత్తం కాగితాన్ని తినేస్తుంది, అది వాడొద్దు. గోధుమ గంజిలో సుఖం ఏంటంటే, ఎప్పుడైనా తడిగుడ్డ ముక్క కాసేపు ఆనిస్తే వదిలేస్తుంది. విప్పొచ్చు. అదే కదా మనకి కావాల్సింది.

ఇంకో రహస్యం. పట్టీ బొమ్మ కంటే బలహీనంగా ఉండాలి. పటం కింద పడిందనుకోండి, పట్టీ చిరగాలి, బొమ్మ చిరక్కూడదు. బండి మీద టార్పాలిన్ కట్టినట్టు కట్టొద్దు.

సెల్లో టేపు గురించి నేను వేరే చెప్పాలా? పదేళ్లకి ప్లాస్టిక్ ఊడిపోతుంది, జిగురు మాత్రం కాగితంలో ఇంకి బెల్లం పాకం రంగులో ఉండిపోతుంది. రెండు వైపులా అంటుకునే టేపు దానికి అన్న.

మరి ఈ రోజుల్లో అందరూ చేయిస్తున్న లామినేషన్ సంగతేంటి అని అడుగుతారు. ఫోటో మీద ప్లాస్టిక్ పొర వేసి ఎండీఎఫ్ మీద అతికించేస్తారు, అద్దం అక్కర్లేదు, తేలిక, చవక. నేనూ చేస్తాను, దాచేదేముంది, నా కరెంటు బిల్లు దాని మీదే కడుతున్నాను. నా లెక్క ఒకటే. ఫైలు మీ దగ్గరుందా? ఉంటే ఏమైనా చేసుకోండి, పాడైతే ఇంకోటి ప్రింటు వేసుకుంటారు. ఒకే ఒక్క కాపీనా? అయితే లామినేషన్ మాట ఎత్తొద్దు. తెచ్చినా నేను చెయ్యను. వేడితో అతికించే డ్రై మౌంటింగ్ కూడా అంతే, ఎగ్జిబిషన్‌కి ఫోటో బల్లపరుపుగా రావాలంటే దాన్ని మించింది లేదు, కానీ తిరిగి రాదు.

అతికించడం మనం కనిపెట్టింది కాదు లెండి. వెనకటి ఫోటోలన్నీ అట్టల మీద అతికించినవే. లాలా దీన్‌దయాళ్ తెలుసు కదా, 1844లో పుట్టి 1905లో పోయాడు, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర ఆస్థాన ఫోటోగ్రాఫరు, సికింద్రాబాదులో స్టూడియో. ఆ కాలం ప్రింట్లు చాలావరకు ఆల్బుమెన్, అంటే కోడిగుడ్డు తెల్లసొన పూసిన పల్చటి కాగితం. దాన్ని ఊరికే వదిలేస్తే చుట్ట చుట్టుకుపోతుంది. అందుకని అట్ట మీద అతికించక తప్పలేదు. అలా అతికించి వచ్చిన పాత ఫోటో మీ చేతికొస్తే, అట్ట పాతగా ఉందని ఊడదీయకండి. స్టూడియో పేరు, ముద్ర, ఒక్కోసారి చేత్తో రాసిన తేదీ, అన్నీ ఆ అట్ట మీదే ఉంటాయి. అట్టతో కలిపి అదే బొమ్మ.

కోయడం కూడా అలాంటిదే. రవివర్మ 1894లో బొంబాయిలో ప్రెస్సు పెట్టాక ఆ లక్ష్మి, ఆ సరస్వతి మన ప్రతి ఇంటికీ వచ్చాయి. పూజ గదుల్లోంచి నా దగ్గరికి వచ్చే పాత అచ్చుల్లో సగానికి అంచులుండవు. దొరికిన ఫ్రేముకి పట్టలేదని కోసేశారు. ప్రెస్సు పేరుండేది ఆ అంచు మీదే. చెప్పు పట్టలేదని కాలు కోసుకుంటామా? ఫ్రేమే బొమ్మ కొలతకి రావాలి.

అద్దం, చెమ్మ, వెలుతురు

ఇప్పుడు అద్దం. రాజమండ్రిలో ఉన్నాం మనం. పక్కన గోదావరి. వానాకాలం ఉప్పు డబ్బాలో ఉప్పు ఏమవుతుందో మీకు తెలుసు. ఫోటో పైపొర జెలటిన్, ఎముకల నుంచీ తోళ్ళ నుంచీ తీసేది. మీరు తినే జెల్లీ కూడా అదే. చెమ్మ తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది, జిగటగా అవుతుంది. ఎదురుగా అద్దం ఆనుకుని ఉంటే దాన్ని పట్టేసుకుంటుంది. ఆరాక ఇంక వదలదు. పాత ఫోటోల్లో అక్కడక్కడా తడిసినట్టు మెరిసే మచ్చలు కనిపిస్తాయి, చూసే ఉంటారు. అది తడి కాదు, ఫోటో అద్దానికి అతుక్కున్న చోటు.

కాబట్టి ఫోటో అద్దాన్ని తాకకూడదు. తాకకూడదు, తాకకూడదు. మూడుసార్లు చెప్పాను, టైపు చేసేవాళ్ళు మూడుసార్లూ రాయండి. ఆ ఖాళీ ఇవ్వడానికే మౌంటు, అంటే మధ్యలో కిటికీ కోసి బొమ్మ చుట్టూ పెట్టే అట్ట. చాలామంది మౌంటు అందం కోసం అనుకుంటారు. అందమూ ఉంది, కాదనను. కానీ అసలు పని ఇది. మామూలు మౌంట్ బోర్డు ఒకటిన్నర మిల్లీమీటర్ల లోపే ఉంటుంది, మన ఊరికి నేను రెండు మౌంట్లు ఒకదాని మీద ఒకటి వేస్తాను. మౌంటు వద్దు, అంచు దాకా బొమ్మే కనబడాలి అనేవాళ్ళకి ఫ్రేము గాడిలో, అద్దం అంచున, సన్నటి పట్టీ వేసి ఖాళీ ఇస్తాను. తంజావూరు పటాలకి ఈ ఖాళీ ఇంకా ఎక్కువ కావాలి, సుద్ద ఎత్తు మీద బంగారు రేకు, రాళ్ళు, అద్దం ఆనితే అంతే సంగతులు.

మౌంటు కిటికీ కోసేటప్పుడు బ్లేడు 45 డిగ్రీలు వాలుగా నడుస్తుంది, అందుకే బొమ్మ చుట్టూ సన్నటి తెల్ల అంచు కనిపిస్తుంది. మీ ఇంట్లో పాత పటాలుంటే ఇవాళ వెళ్లి ఆ అంచు చూడండి. తెల్లగానే ఉందా, బిస్కెట్ రంగుకి తిరిగిందా? బిస్కెట్ రంగైతే ఆ బోర్డు ఆమ్లం కక్కుతోందన్నమాట, దాని కింద బొమ్మ చుట్టూ అదే కొలతతో గోధుమ గీత పడుతూ ఉంటుంది. ఇల్లు కదలకుండా చేసుకునే పరీక్ష ఇది. కొలతలంటారా, నేను మూడు వైపులా రెండున్నర అంగుళాలు ఇస్తే కింద మూడు ఇస్తాను. సమానంగా ఇస్తే బొమ్మ కిందికి జారినట్టు కనబడుతుంది, అది కంటి తప్పు, మనం సర్దుకోవాలి.

అద్దం కంటే అక్రిలిక్ మంచిదా? తేలిక, పగలదు, పిల్లలున్న ఇంట్లోనూ, కొరియర్‌లో పంపేటప్పుడూ అదే మేలు. కానీ గీతలు పడతాయి, పైగా రుద్దితే దుమ్ముని లాగుతుంది. బొగ్గుతోనో పేస్టల్‌తోనో వేసిన బొమ్మ మీద పెట్టారా, రంగు పొడిని కూడా లాగేస్తుంది. వాటికి అద్దమే. ఆయిల్ పెయింటింగ్‌కి మామూలుగా అద్దమే వద్దు.

వెలుతురు గురించి చెప్పాలంటే మన చిత్రకారుడు దామెర్ల రామారావు గారిని తలుచుకోవాలి. 1897లో పుట్టి, 1925లో మశూచితో పోయారు, 28 నిండలేదు. ఆ కాస్త జీవితంలో వేసిన బొమ్మలు ఇదే ఊళ్ళో ఆర్టు గ్యాలరీలో ఉన్నాయి, ఎంతమంది చూశారు? సగం మందే చేతులెత్తారు, బావుంది. నీటిరంగు అంటే కాగితం మీద పల్చటి పొర, అంతే. వెలుతురుని లక్స్‌లలో కొలుస్తారు, మ్యూజియంలలో కాగితం మీది బొమ్మలకి 50 లక్స్ చాలంటారు. మన హాల్లో కిటికీ పక్క గోడ మీద పగలు వెయ్యి దాటుతుంది. ఫోన్‌లో కొలిచే యాప్‌లున్నాయి, ఉజ్జాయింపుగా చెప్తాయి, ఇంటికెళ్లి చూసుకోండి. యూవీ, అంటే ఎండలో కంటికి కనపడని అతినీలలోహిత కిరణాలు, వాటిని ఆపే అద్దం వేస్తే సరిపోతుందా అని అడుగుతారు. అది యూవీని 97, 99 శాతం దాకా ఆపుతుందంటారు, నిజమే, కానీ కంటికి కనిపించే వెలుతురు కూడా రంగుని తింటుంది. దాన్ని ఆపితే బొమ్మ కనపడదు కదా! అద్దానికి పెట్టే డబ్బు కంటే గోడ మార్చడం చవక.

శ్రీకాళహస్తి కలంకారీ తెచ్చి ప్లైవుడ్డు మీద అతికించమంటారు. అతికించకండి బాబూ. కరక్కాయ, గేదె పాలలో నానిన నూలు గుడ్డ అది. గుడ్డని గుడ్డకే కుట్టాలి. కోరా గుడ్డని బోర్డు మీద లాగి బిగించి, దాని మీద కలంకారీని అంచుల వెంట సన్నటి టాకాలు వేసి నిలబెట్టాలి. నా దగ్గర ఆ పని మా ఆవిడ చేస్తుంది, నాకంత ఓపిక లేదు. చేర్యాల బొమ్మ కూడా గుడ్డ మీదే, కానీ చింతగింజల జిగురు, సుద్దమట్టి పూత ఉంటుంది, మడత పెడితే పగులుతుంది. తడిగుడ్డతో తుడవొద్దు, రంగులు నీళ్ళకి కదులుతాయి.

మీ ఇంక్‌జెట్ ప్రింట్ల గురించి ఒక్క ముక్క. ప్రింటు వచ్చిన రోజే అద్దం వెనక పెట్టేయొద్దు. చేతికి ఆరినట్టే ఉంటుంది, సిరాలో ఉండే ద్రావకాలు ఇంకా వస్తూనే ఉంటాయి. అద్దం లోపలి వైపు మంచు పట్టినట్టు పొగ పేరుకుంటుంది. ఒక రోజన్నా పైన మామూలు కాగితం పరిచి ఆరనివ్వండి. పెళ్లిళ్ల సీజన్‌లో కస్టమర్లు తొందరపెడతారు, నాకూ టెన్షనే, అయినా తప్పదు.

ఇంక దండలు. దీని గురించి ఎవరూ మాట్లాడరు. పోయినవాళ్ళ ఫోటోకి రోజూ పూలదండ వేస్తాం. తడి పూలు. ఆ నీళ్ళు ఫ్రేము పైన జారి అద్దానికీ చెక్కకీ మధ్యనుంచి లోపలికి దిగుతాయి. పైనుంచి రెండు కన్నీటి చారల్లాగా మరకలున్న ఫోటోలు వస్తాయి నా దగ్గరికి. వెయ్యొద్దని ఎలా చెప్తాను? నేనూ మా నాన్నకి వేస్తాను. దండకి గోడ మీద వేరే మేకు కొట్టండి, ఫ్రేముకి తగిలించకండి. ఫ్రేము లోపల అద్దం, మౌంటు, వెనక బోర్డు మూడింటినీ కలిపి అంచు చుట్టూ టేపు వేయించుకోండి. బొట్టు అద్దం మీద పెట్టండి, పర్లేదు. దీపం మాత్రం ఫోటో కింద సెగ తగిలేలా పెట్టకండి.

గోడకి ఆనించి తగిలించొద్దు. వెనక కింది మూలల్లో చిన్న కార్కు ముక్కలు అంటిస్తే వేలెడు సందు వస్తుంది, గాలి ఆడుతుంది. బాత్రూము గోడ అవతలి వైపు అసలొద్దు. 20 బై 24 అంగుళాల పటంలో రెండు మిల్లీమీటర్ల అద్దమే కిలోన్నర బరువు, చెక్క బరువు అదనం, కాబట్టి ఒక మేకు కాదు, రెండు. ఏటా వానలు వెళ్ళాక ఒకసారి దించి వెనక చూడండి. చెద గోడలోంచే వస్తుంది, ముందు వైపు ఏమీ తెలీదు. ఒకాయన పటం తుడుద్దామని దించితే అద్దం, ఫోటో చేతికొచ్చాయి, చెక్క మాత్రం పొడిలాగా కింద పడింది.

సరే, ఈ తాతయ్య గారి దగ్గరికి వద్దాం. అట్ట పట్టుకుని చాలా మెల్లిగా ఒక వైపు నుంచి లేపుతున్నాను. పై భాగం వస్తోంది. నానమ్మ గారి వైపు వస్తోంది. చూడండి, ఎంత బాగుందో, జడలో పూలు కూడా లెక్కపెట్టొచ్చు. పైన ఆ నిలువు గీత ఇటు వైపుకీ కొంచెం వచ్చింది, అదృష్టం, ఇద్దరి మధ్యలో పడింది. ఇంకొంచెం... ఆగండి.

ఆగాను. కింద కుడి మూల, తాతయ్య గారి చెయ్యి దగ్గర, రూపాయి బిళ్ళంత మేర అద్దానికి పట్టేసింది. వెలుతురికి వాలుగా పెడితే తెలుస్తోంది, ఆ మెరుపు. ఇంక నేను లాగను. ఇరవై ఏళ్ల క్రితం అయితే లాగేవాణ్ణి. నీళ్ళలో నానబెడితే వస్తుందని కొందరంటారు, ఇది అట్ట మీద అతికించి ఉంది, నీళ్ళు తగిలితే అట్ట, ఫోటో, మరక అన్నీ కలిసి ఇంకేదో అవుతుంది. బ్లేడు దూర్చమంటారు ఇంకొందరు. వద్దు.

తమ్ముడూ, ఇలా చేద్దాం. మళ్ళీ మెల్లిగా ఆనించేస్తున్నాను. అద్దంతో కలిపే ఇవాళ సాయంత్రం స్కానర్ మీద పెట్టి, బయటి వైపు శుభ్రంగా తుడిచి, అద్దంలోంచే స్కాన్ చేద్దాం. ఆ ఫైలుతో కొత్త ప్రింటు వేసి హాల్లో పెట్టుకోండి, దండ కూడా దానికే వేసుకోండి. ఇది మాత్రం ఇదే అద్దంతో, వెనక పత్తి బోర్డు పెట్టి, చెక్క మార్చి, మీ బీరువాలో పడుకోబెడదాం. ఈ మూలని విప్పగలిగే పనిమంతులు ఉంటారు, కాగితాల మరమ్మతు చదువుకున్నవాళ్ళు. ఎప్పుడైనా వాళ్ళ దగ్గరికి తీసుకెళ్తే, వాళ్ళు పని చేయడానికి ఏదో ఒకటి మిగిలి ఉండాలి కదా. ఆ న్యూస్ పేపరు ముక్కలు పారేయకండి, వేరే కవర్లో పెట్టుకోండి, వెనక వైపు ఏదో సినిమా ప్రకటన ఉంది, తేదీ దాన్నిబట్టి దొరకొచ్చు.

ప్రశ్నలుంటే అడగండి. టీ వచ్చినట్టుంది. తాగుతూ మాట్లాడుకుందాం, కప్పులు పట్టుకుని మాత్రం ఈ బల్ల దగ్గరికి రాకండి.